పిల్లల బాస్కెట్‌బాల్, ఫోన్‌లో గణాంకాలు: అపోహలు - వాస్తవాలు

మా అండర్-14 జట్టు ఆడేటప్పుడు బెంచీ చివర కూర్చుని ఫోన్‌లో గణాంకాలు ఎక్కించే పని నాది. యాప్ నిజంగా పనికొచ్చే వస్తువే. కానీ దాని గురించి తల్లిదండ్రులు, కొత్త కోచ్‌లు అనుకునే కొన్ని మాటల వల్ల నష్టపోయేది పిల్లలే.

అపోహ: యాప్‌లో ఉన్న బటన్లన్నీ వాడాలి.

వాస్తవం: ఒక్కరే ఎక్కిస్తుంటే అది కుదరని పని. షాట్ ఎక్కడి నుంచి వేశారో కోర్టు బొమ్మ మీద గుర్తుపెట్టి తలెత్తేసరికి రీబౌండ్ (పడకుండా తిరిగొచ్చిన బంతి) ఎవరు పట్టారో తెలియదు, బంతి అవతలి బుట్ట దగ్గర ఉంటుంది. మొదట్లో నేనూ అన్నీ ఎక్కించబోయాను. మ్యాచ్ అయ్యాక చూస్తే నా లెక్కలోని పాయింట్లు స్కోరుబోర్డుతో కలవలేదు. ఇప్పుడు నాలుగే రాస్తాను: షాట్లు, ఫ్రీ త్రోలు (ఫౌల్ జరిగితే ఇచ్చే అడ్డులేని షాట్లు), రీబౌండ్లు, టర్నోవర్లు (షాట్ వేయకుండానే బంతి ప్రత్యర్థికి పోవడం). విశ్లేషకుడు డీన్ ఓలివర్ గెలుపోటములకు కీలకమని చెప్పినవి కూడా ఈ నాలుగే.

అపోహ: ఎక్కువ పాయింట్లు చేసినవాళ్లే బాగా ఆడినట్టు.

వాస్తవం: ఒకరు 20 షాట్లు వేసి 14 పాయింట్లు చేశారు, ఇంకొకరు 5 షాట్లు వేసి 8 చేశారు అనుకుందాం. జట్టుకు ఎవరి ఆట లాభం? పాయింట్ల వరుస ఒక్కటే చూస్తే ఈ ప్రశ్నే రాదు.

షాట్ల శాతం కూడా ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. 10 టూ-పాయింటర్లలో 4 పడితే 40 శాతం, 8 పాయింట్లు. 10 త్రీ-పాయింటర్లలో 3 పడితే 30 శాతమే, కానీ 9 పాయింట్లు. పడిన ప్రతి త్రీకి సగం షాట్ అదనంగా కలిపి లెక్కేస్తే ఆ 30 శాతం 45 అవుతుంది. చాలా యాప్‌లలో ఈ లెక్క వేరే వరుసలో ఉంటుంది, చూడండి.

ఇంకో తప్పు దాదాపు అందరూ చేస్తారు. షాట్ వేస్తుండగా ఫౌల్ జరిగి బంతి పడకపోతే, దాన్ని వేసిన షాట్‌గా లెక్కించకూడదు. ఫ్రీ త్రోలు మాత్రమే రాయాలి. మనం 'మిస్' నొక్కేస్తే, దెబ్బలకు వెరవకుండా బుట్ట వైపు దూసుకెళ్లే పిల్లల శాతమే పడిపోతుంది. ఇంతకన్నా అన్యాయమైన లెక్క నాకు తోచదు.

అపోహ: యాప్‌లో కనిపించనిది ఆటలో జరగనట్టే.

వాస్తవం: అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడిన బిల్ రస్సెల్ 13 సీజన్లలో 11 టైటిళ్లు గెలిచాడు. షాట్లు అడ్డుకోవడంలో ఆయనకు అంత పేరున్నా, ఎన్ని అడ్డుకున్నాడో అధికారిక లెక్క లేదు. ఎన్‌బీఏ బ్లాకులను (అడ్డుకున్న షాట్లు), స్టీళ్లను (ప్రత్యర్థి నుంచి లాక్కున్న బంతులు) లెక్కపెట్టడం మొదలైంది 1973-74లో; ఆయన 1969లోనే ఆట మానేశాడు. మా జట్టులో ఒక అమ్మాయి ప్రతి షాట్‌కూ బాక్స్ అవుట్ చేస్తుంది, అంటే ప్రత్యర్థి బంతి దగ్గరికి రాకుండా వీపు అడ్డం పెట్టి నిలబడుతుంది. రీబౌండ్ మాత్రం పక్కవాళ్ల చేతిలో పడుతుంది. యాప్‌లో ఆమె వరుసలో సున్నాలు చూసి నాకే మనసు చివుక్కుమంది. అప్పటి నుంచి బాక్స్ అవుట్లు, స్క్రీన్లు (తోటి ఆటగాడికి దారి ఇవ్వడానికి ప్రత్యర్థికి అడ్డంగా నిలబడటం) చిన్న నోట్‌బుక్‌లో గీతలు పెట్టుకుంటున్నాను.

అపోహ: యాప్ ఉంటే స్కోర్‌షీట్ అక్కర్లేదు.

వాస్తవం: చెల్లేది స్కోరర్ టేబుల్ దగ్గరి షీటే. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా నిబంధనల్లో ఐదో ఫౌల్‌తో ఆటగాడు బయటికి వెళ్లాలి, కాబట్టి ప్రతి క్వార్టర్ చివర ఫౌళ్ల లెక్కను ఆ షీటుతో సరిచూసుకోండి.

అపోహ: గణాంకాలు లైవ్‌లో అందరికీ పంపితే పిల్లలకు ఉత్సాహం.

వాస్తవం: నేను పంపి చూశాను. ఒక తండ్రి మ్యాచ్ అవగానే, పిల్లాడు ఇంకా నీళ్లు కూడా తాగకముందే, "రెండే రీబౌండ్లా నాన్నా?" అన్నాడు. ఆ పిల్లాడు తల దించుకున్నాడు. మరుసటి మ్యాచ్‌కే లైవ్ ఆపేశాను. పేర్లు, ఫొటోలు తీసేసి జెర్సీ నంబర్లు మాత్రమే ఉంచాను. ఇప్పుడు తర్వాతి ప్రాక్టీసు రోజున ఒక్కొక్కరికీ వాళ్ల వరుస మాత్రమే చూపిస్తాను. పోయిన వారం ఆ పిల్లాడికి టర్నోవర్ల వరుస చూపిస్తే, "ఇవన్నీ ఎడమ చేత్తో డ్రిబుల్ చేసినప్పుడు పోయినవే సార్" అన్నాడు. ఆ రోజు అరగంట ఎడమ చేత్తోనే ఆడాడు.