అడగ్గానే దొరికిందంటే, ఎవరో ముందే అడిగారన్నమాట

చీపురుపల్లి నుంచి ఒక డిగ్రీ విద్యార్థి అడిగాడు: "మేస్టారూ, వీడియోల కాపీలు మనకు దగ్గర్లోనే క్యాష్‌లో దాచి ఇస్తారు కదా. అందులో నా పేరుండదు, ఫోన్ నంబరుండదు. ఇంక నా గుట్టు ఎలా బయటపడుతుంది?" క్యాష్ అంటే, ఒకరు అడిగినదాని కాపీని మళ్లీ అడిగేవారి కోసం దగ్గర్లో దాచుకునే చోటు. అది అతనికి తెలుసు కాబట్టి నేరుగా గుట్టు దగ్గరికే వస్తాను.

ఒక పల్లెలో ఒకటే మందుల షాపు ఉందనుకోండి. మూర్ఛకు అరుదుగా రాసే మాత్ర ఒకటుంది. ఎవరైనా అడిగితేనే షాపాయన విజయనగరం నుంచి తెప్పిస్తాడు, మర్నాటికి వస్తుంది. తెప్పించినప్పుడు నాలుగు అట్టలు ఎక్కువే ఉంచుకుంటాడు. పెళ్లి సంబంధం వాకబు చేయడానికొచ్చిన మనిషి ఆ షాపుకెళ్లి మాత్ర పేరు చెబుతాడు. "రేపు రండి" అంటే ఈ మధ్య ఊళ్లో ఎవరూ కొనలేదు. తీసి చేతిలో పెడితే ఎవరో వాడుతున్నారు. షాపాయన నోట ఒక్క పేరూ రాలేదు. సరుకు ఎంతసేపటికి వచ్చిందన్నదే సమాచారమైపోయింది. మూర్ఛ వచ్చిన మనిషి చేతిలో ఇప్పటికీ తాళాలు పెడుతున్నారు. ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి, ఇనుముతో వాటికి సంబంధం లేదు. ఇలాంటి నమ్మకాలున్నంతకాలం ఆ మాత్ర వాడే ఆడపిల్లకు గుట్టు అవసరం.

నెట్‌వర్క్‌లోనూ ఇదే జరుగుతుంది. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 800 కిలోమీటర్ల దూరంలోని సర్వర్‌కు వెళ్లి రావాలంటే ఎంత లేదన్నా 8 మిల్లీసెకన్లు. కాపీ పక్క వీధిలోని రూటర్‌లో (డేటాకు దారి చూపే పెట్టెలో) ఉంటే ఒకటో రెండో చాలు. మన కంటికి ఈ తేడా తెలియదు, చిన్న ప్రోగ్రామ్‌కు మాత్రం ఇట్టే తెలుస్తుంది. అదే రూటర్ కింద ఉండి ఇతరుల గుట్టు లాగాలనుకునేవాడు ముందుగా ఎవరూ అడగని వస్తువును, అంటే ఏదో ఒక వీడియోనో పేజీనో, రెండుసార్లు అడుగుతాడు. మొదటిసారి పట్టిన సమయం దూరానికి కొలత, రెండోసారిది దగ్గరికి. ఆ తర్వాత అసలు అనుమానమున్నదాన్ని అడిగి పోల్చుకుంటాడు. అయితే అడగడంతోనే అదీ క్యాష్‌లోకి వచ్చేస్తుంది కాబట్టి వాడికి ఒక్కటే అవకాశం.

మన బ్రౌజర్ దాచుకునే క్యాష్‌లో ఈ లోపాన్ని, అంటే మనం వేరే సైటు చూశామో లేదో ఒక సైటు ఇలాగే పసిగట్టగలదని, ఫెల్టెన్, ష్నైడర్ అనే పరిశోధకులు 2000లోనే చూపించారు. ఏ సైటుకు ఆ సైటు వేరే అర పెట్టడమే దానికి మందు. సఫారీ 2013లో మొదలుపెట్టింది, క్రోమ్ 2020లో, ఫైర్‌ఫాక్స్ 2021లో ఆ దారి పట్టాయి. ఇన్నేళ్లు పట్టడం నాకు బాధగానే ఉంది. కానీ ఊరందరి రూటర్‌లో మనిషికో అర పెడితే ఇక క్యాష్ దేనికి? ఒకరి కోసం తెచ్చింది పదిమందికి పనికొస్తేనే కదా లాభం.

నేమ్డ్ డేటా నెట్‌వర్కింగ్ అనే కొత్త పద్ధతిలో చిక్కు ఇంకా పెద్దది. నెట్‌వర్క్ పరిశోధకుడు వాన్ జాకబ్సన్ బృందం 2009లో వివరించిన ఆలోచన మీద అది పెరిగింది. అందులో అభ్యర్థన మీద అడిగినవారి చిరునామా ఉండదు, వస్తువు పేరే ఉంటుంది. గుట్టుకు ఇంతకంటే ఏం కావాలనిపిస్తుంది. కానీ దారిలోని ప్రతి రూటరూ కాపీ దాచుకోగలదు, అంటే ప్రతి రూటరూ ఒక మందుల షాపే.

విరుగుడు ఏమిటి? సరుకు లోపలున్నా షాపాయన అందరికీ "రేపు రండి" అనడం. రూటర్ అయితే మొదటిసారి తేవడానికి పట్టిన సమయాన్ని గుర్తుపెట్టుకుని, తర్వాత అడిగినవారినీ అంతసేపే ఆపుతుంది. వేగం పోయినా, దూరపు లైను మీద భారం తగ్గిందన్న లాభం మిగులుతుంది.

ఇంకో ఉపాయం నాకెంతో ఇష్టం. మొదటి కొన్ని అభ్యర్థనలనే ఆపి, తర్వాత వెంటనే ఇవ్వడం. ఎన్నింటిని ఆపాలో స్థిరంగా 5 అని పెడితే, వాడు అడుగుతూ పోయి మూడుసార్లే ఆలస్యం చూస్తే ముందు ఇద్దరు అడిగారని లెక్క తేలుస్తాడు. అందుకని ప్రతి వస్తువుకూ 1 నుంచి 100 లోపు ఒక అంకెను రహస్యంగా చీటీ తీయాలి. ఇప్పుడు వాడికి 37 ఆలస్యాలు కనిపించాయనుకోండి. ఎవరూ అడగకపోతే చీటీ 37, ఒకరు అడిగి ఉంటే 38. ఏది నిజమో తేల్చలేడు. మొదటి అడుగులోనే వెంటనే దొరికితేనే ఒకరు అడిగారని రూఢి అవుతుంది, దానికి అవకాశం నూటికి ఒకటి. అందరూ చూసే సినిమా పాటకు ఆ వంద ఆలస్యాలు గంటలో కరిగిపోతాయి.

ఇందులో ఒక కంత ఉంది. ఒకే వీడియోను వందల ముక్కలుగా పంపుతారు. ముక్కకో చీటీ తీస్తే వాడికి వందల అవకాశాలు దొరుకుతాయి. అందుకే ఒక వీడియో ముక్కలన్నిటికీ ఒకే చీటీ, ఒకే లెక్క ఉండాలి.

విశాఖలో ఒక క్యాష్ వెనక వేలమంది ఉంటే, అడిగింది ఎవరో ఊహించడం కష్టం. సాలూరు దాటి కొండ మీది గ్రామంలో ఇరవై ఇళ్లకు ఒక రూటర్ పెడితే, ఎవరో అడిగారని తెలిస్తే చాలు, ఏ ఇల్లో ఊరికి తెలిసిపోతుంది. చిన్న ఊళ్లకు క్యాష్ తెచ్చేవాళ్లు ఈ ఆలస్యం ఏర్పాటును అక్కడే ముందు పెట్టాలి.