హిస్ గర్ల్ ఫ్రైడే స్పీడ్ మీద అపోహలు - వాస్తవాలు (ఒక ఎడిటర్ మాట)

కామెడీ సీన్ కొంచెం డల్‌గా ఉందంటే చాలు, "కట్స్ పెంచు బ్రో, పాత హాలీవుడ్ స్క్రూబాల్ సినిమాల్లా పరిగెత్తాలి" అంటారు. స్క్రూబాల్ అంటే ఆడామగా గబగబా మాటలతో పోట్లాడుకునే కామెడీ. ఎక్కువమంది చెప్పే ఎగ్జాంపుల్ హోవార్డ్ హాక్స్ 1940లో తీసిన హిస్ గర్ల్ ఫ్రైడే. నాకు ప్రాణమైన సినిమా, అందుకే రాస్తున్నా.

అపోహ: ఆ స్పీడంతా కటింగ్‌దే.

వాస్తవం: రెస్టారెంట్ సీన్ ఒకసారి చూడండి. న్యూస్‌పేపర్ నడిపే వాల్టర్ (కేరీ గ్రాంట్), అతని మాజీ భార్య, రిపోర్టర్ హిల్డీ (రోజలిండ్ రసెల్), ఆమెని చేసుకోబోయే బ్రూస్ ఒకే టేబుల్ దగ్గర ఉంటారు. వాల్టర్ తియ్యగా మాట్లాడుతూ బ్రూస్‌ని బుట్టలో వేస్తుంటాడు, పక్కనే హిల్డీకి అంతా అర్థమైపోతుంటుంది, ఆ మాటా ఈ మొహమూ ఒకే ఫ్రేములో కనపడితేనే నవ్వొస్తుంది. క్లోజప్పులుగా ముక్కలు చేస్తే సీన్ చచ్చిపోతుంది. ఎడిటర్ జీన్ హావ్లిక్ చాలాచోట్ల కట్ చెయ్యకుండా వదిలేశాడు చూడండి, అదీ ఎడిటింగే.

అపోహ: సెట్లో ఒకళ్ల మీద ఒకళ్లు పడి నోటికొచ్చింది అరిచేశారు.

వాస్తవం: అది పేపర్ మీద మొదలైన పని. డైలాగ్ ముందూ వెనకా పోయినా పర్లేదనిపించే మాటలు పెట్టించేవాడు హాక్స్. మన భాషలో చెప్పాలంటే "ఇదిగో చూడు, నేను రేపు పెళ్లి చేసుకుంటున్నా, అర్థమవుతోందా" అనుకోండి. అవతలివాళ్లు "ఇదిగో చూడు" మీదో "అర్థమవుతోందా" మీదో పడిపోవచ్చు, మధ్యలో పెళ్లి విషయం మాత్రం క్లియర్‌గా వినపడుతుంది. ఇంప్రొవైజేషన్ ఉంది, కాదనను, కానీ రసెల్ తన లైన్ల కోసం సొంత డబ్బుతో ఒక రైటర్‌ని పెట్టుకున్నానని తనే తర్వాత చెప్పింది, అంటే ఆ "అప్పటికప్పుడు" మాటల్లో కూడా హోంవర్క్ ఉంది.

అపోహ: మొదట్నుంచి చివరిదాకా ఒకటే పరుగు.

వాస్తవం: ఇది నన్ను బాగా బాధపెట్టే అపోహ. కథలో ఎర్ల్ విలియమ్స్ అనే మనిషిని ఉరి తియ్యబోతుంటారు. హిల్డీ జైలుకెళ్లి అతనితో మాట్లాడేటప్పుడు గొంతులు తగ్గిపోతాయి, ఎవరూ ఎవరి మాటకీ అడ్డం రారు. ఇంకోచోట ప్రెస్ రూంలో రిపోర్టర్లందరూ మోలీ అనే అమ్మాయిని మాటలతో ఏడిపిస్తారు, హిల్డీ ఆమెని బయటికి తీసుకెళ్లాక అంత వాగిన మగాళ్ల నోళ్లు ఒక్కసారి మూతపడతాయి. ముందు అంత గోల లేకపోతే ఆ నిశ్శబ్దం మనకి తగలదు.

అపోహ: హిల్డీ పాత్ర మొదట్నుంచీ ఆడదే.

వాస్తవం: కాదు. ఈ సినిమాకి మూలమైన, బెన్ హెక్ట్, చార్లెస్ మెకార్థర్ రాసిన 1928 నాటకంలోనూ, దాని మీద 1931లో వచ్చిన మొదటి సినిమాలోనూ హిల్డీ మగాడే. మార్చాక ఉద్యోగం గొడవా ప్రేమ గొడవా ఒకటైపోయాయి.

ఇంకోటి, "సౌండ్ పాతది, మాటలు తెలియవు" అంటారు. కాపీరైట్ రెన్యూ చెయ్యకపోవడంతో ఇది పబ్లిక్ డొమైన్‌లోకి (ఎవరైనా కాపీ చేసుకోవచ్చన్నమాట) వెళ్లి నాసిరకం కాపీలు బోలెడు తిరుగుతున్నాయి, రిస్టోర్ చేసిన కాపీ వెతికి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి.