పిల్లల తల్లికి నీరసం మామూలేనా? క్లినిక్‌లో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

గుంటూరు బ్రాడీపేటలో ప్రాక్టీసు పెట్టి 14 ఏళ్ళయింది. ఒక అమ్మాయి చంకన పిల్లాడితో వస్తుంది. వాడికి దగ్గు ఎన్నాళ్ళ నుంచి, రాత్రి జ్వరం ఎంత, ఏ సిరప్ ఎన్ని ఎం.ఎల్. పోసింది, అన్నీ తడుముకోకుండా చెప్తుంది. "మరి నీ సంగతేంటమ్మా, మొహం అట్టా పాలిపోయింది" అని అడిగితే మాత్రం నవ్వేసి, "నాకేముంది మేడం, పిల్లలున్నాక నీరసం మామూలే కదా" అంటుంది. ఈ ఒక్క మాట వల్ల ఎంతమంది ఏళ్ళ తరబడి ఈడ్చుకొస్తున్నారో చూసి చూసి విసుగొచ్చి రాస్తున్నాను.

అపోహ: పిల్లల తల్లికి నీరసం సహజం.

వాస్తవం: నిద్ర చాలని అలసట వేరు, రక్తం లేని నీరసం వేరు. మొదటిది పిల్లని అమ్మమ్మ దగ్గర పడుకోబెట్టి రెండు రాత్రులు నిద్రపోతే చాలావరకు తీరుతుంది. రెండోది ఎంత పడుకున్నా పోదు. ఒక అంతస్తు మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ, దువ్వెన నిండా జుట్టు, ఊరికే చిరాకు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే ఇది మామూలైపోయిన మాట నిజమే, అయినా జబ్బు జబ్బే. హిమోగ్లోబిన్ కనీసం 12 ఉండాల్సిన చోట 7, 8తో తెల్లారి 5 నుంచి రాత్రి 11 దాకా చాకిరీ చేస్తూ, "నాకు ఓపిక లేదు" అని తమనే తిట్టుకునేవాళ్ళని చూస్తే బాధేస్తుంది.

మొన్నామధ్య ఒకావిడ యూకేజీ పిల్లాడిని తీసుకొచ్చింది. వాడి గొంతు చూస్తుంటే ఉన్నట్టుండి "డాక్టరాంటీ, మా అమ్మ నా బలపాలన్నీ తినేస్తోంది" అన్నాడు. ఆవిడ తల దించుకుంది. కాసేపటికి కొంగు ముడి విప్పి చూపించింది, లోపల రెండు బలపం ముక్కలు, గుడ్డకంతా తెల్లపొడి. హిమోగ్లోబిన్ 6.8! బలపాలు, సుద్ద, పచ్చి బియ్యం, ఫ్రిజ్‌లో ఐస్ ముక్కలు, వీటి మీదకి మనసు లాగుతోందంటే చాలాసార్లు ఒంట్లో ఐరన్ అడుగంటిందని గుర్తు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. తెనాలిలో మా అమ్మ కూడా చేటలో బియ్యం ఏరుతూ మధ్యమధ్యలో గుప్పెడు నోట్లో వేసుకునేది, మేమంతా నవ్వేవాళ్ళం. నేను మెడిసిన్‌లో చేరేదాకా ఆవిడకి ఒక్క రక్తపరీక్ష కూడా చేయించలేదు మేము.

ఇక ఐరన్ మాత్రల మీద ఉన్నన్ని పుకార్లు ఇంక దేని మీదా లేవు. కాన్పు తర్వాత కూడా 180 రోజులు రోజుకొకటి వేసుకోమని ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, ఆ స్ట్రిప్పులు బీరువాలో చీరల కింద ఉంటాయి. ఎందుకంటే "వేడి చేస్తుంది", "పాలల్లోకి దిగి బిడ్డకి విరేచనాలవుతాయి", "కిడ్నీలు పోతాయి". చివరిది వాట్సాప్ పుణ్యం. డాక్టరు రాసిన మోతాదులో వేసుకుంటే పాలిచ్చే తల్లికి భయం లేదు. కడుపులో మంట, మలబద్ధకం కొందరికి ఉంటాయి, అప్పుడు భోజనం తర్వాత వేసుకోండి, లేదా మందు మార్పించుకోండి, మానెయ్యకండి. విరేచనం నల్లగా వస్తే కంగారు పడకండి, అది ఐరన్ రంగే. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్ర, వీటితో కలిపి వేసుకుంటే మాత్రం ఒంటికి సరిగ్గా పట్టదు, గంట రెండు గంటలు ఎడం పెట్టండి. ఒక నిమ్మచెక్క పిండుకుంటే మంచిది. నెల తిరిగేసరికి బాగుందని ఆపేస్తారు చూడండి, అదీ తప్పే. హిమోగ్లోబిన్ మామూలుకి వచ్చాక ఇంకో 3 నెలలు వాడితేనే నిల్వలు నిండుతాయి.

బీట్‌రూట్ జ్యూసు తాగుతున్నాం కదా అంటారు. దాని ఎరుపు చూసి రక్తం అనుకుంటే ఎలా? గోంగూర మీద మాట పడనివ్వను, నేనూ గుంటూరుదాన్నే, కానీ ఆకుకూరల్లో ఐరన్ ఒంటికి పట్టేది తక్కువ. 7 ఉన్నావిడ కూరలతో 12కి రాలేదు. నెలసరిలో గంటకో ప్యాడ్ మార్చాల్సి వస్తుంటే, కాపర్ టీ వేయించుకున్నాక రక్తస్రావం ఎక్కువైతే అది కూడా చెప్పండి. చిల్లుకుండలో ఎన్ని నీళ్ళు పోసినా ఏం లాభం?

మిగతావి గబగబా చెప్పేస్తాను. బాలింత నీళ్ళు తాగితే పొట్ట పెరగదు, మన ఎండల్లో తాగకపోతేనే ప్రమాదం. కాన్పయిన ఏడాదిలోపు కొందరికి థైరాయిడ్ తేడా చేస్తుంది, సన్నబడినా లావెక్కినా థైరాయిడ్ కోసం చేసే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష ఒకటి చేయించండి. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి పోయిందా? కాన్పయ్యాక 6 నుంచి 12 వారాల్లో మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి, ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది.

కాన్పయ్యాక కోడలికి ఊరికే ఏడుపొచ్చి, పిల్లని ఎత్తుకోబుద్ధి కాకపోతే దిష్టి తీసి ఊరుకోకండి అత్తయ్యలూ. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తోందని కోడలు అన్నదంటే మాత్రం ఫోన్లతో ఆగకుండా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఒంటరిగా వదలొద్దు.