బరువు ఏ చేతి మీద పడుతోంది?

షాట్‌గన్ కొనాలనుకునే కొత్త షూటర్ ముందుగా అడిగేది "ఎంత బరువుది తీసుకోవాలి?" అని. ఆ బరువు తన చేతుల మధ్య ఎలా పంచుకుంటుందో మాత్రం చాలామంది అడగరు. నా దృష్టిలో అసలు అడగాల్సింది అదే.

బరువు వల్ల లాభం ఉంది, కాదనను. తూటా పేలినప్పుడు తుపాకీ భుజాన్ని వెనక్కి తన్నుతుంది. అదే తూటాకు 3 కిలోల తుపాకీ కన్నా 3.6 కిలోలది ఆరో వంతు తక్కువ శక్తితో తన్నుతుంది. గాల్లోకి ఎగరేసిన బిళ్లలు షూటర్‌కు దూరంగా పోతుంటే కొట్టే పోటీని ట్రాప్ అంటారు. ఒలింపిక్ ట్రాప్ క్వాలిఫయింగ్‌లో 125 బిళ్లలు, ఒక్కోదానికి రెండేసి షాట్లు కొట్టే వీలు. అన్ని దెబ్బలు తినే భుజానికి ఆ తేడా చిన్నది కాదు.

ఇప్పుడు చేతుల సంగతి. తుపాకీని వేలి మీద అడ్డంగా పెడితే ఎక్కడ అటూ ఇటూ ఒరగకుండా ఆగుతుందో అదే దాని బ్యాలెన్స్ పాయింట్. 3.6 కిలోల తుపాకీకి అది ట్రిగ్గర్ చేతికి 20 సెంటీమీటర్ల ముందు ఉందనుకుందాం. ముందు చేతిని 45 సెంటీమీటర్ల దూరంలో పట్టుకునే పొడుగు మనిషికి ఆ చేతి మీద పడేది 1.6 కిలోలు. చేతులు పొట్టిగా ఉండి 38 సెంటీమీటర్ల దగ్గరే పట్టుకునే మనిషికి దాదాపు 1.9 కిలోలు. తుపాకీ అదే, తూకం అదే, అయినా రెండో మనిషికి ముందు భాగం బరువుగా అనిపిస్తుంది. అది భ్రమ కాదు, ఆ చేయి నిజంగానే 300 గ్రాములు ఎక్కువ మోస్తోంది. ఛాంపియన్ వాడే మోడల్‌నే కొనుక్కున్నా అది మనకు కుదరకపోవడానికి ఇదొక కారణం.

తిప్పడం మరో విషయం. గునపాన్ని నడుమ పట్టుకుని గిరుక్కున తిప్పబోతే మొండికేస్తుంది, అంతే బరువున్న ఇనప గుండు సులువుగా తిరుగుతుంది. తిరిగే కేంద్రం నుంచి బరువు రెండింతల దూరం జరిగితే తిప్పడానికి అది చేసే అడ్డు నాలుగింతలవుతుంది. అందుకే గొట్టం కొసన చేరిన 100 గ్రాములు చాలా తేడా తెస్తాయి.

ఈ మొండితనం కొన్నిచోట్ల మేలే. హైదరాబాద్ షూటర్ కైనాన్ చెనాయ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగత కాంస్యం, జట్టు స్వర్ణం గెలిచిన ట్రాప్‌లో తుపాకీని ముందే భుజానికి ఆనించి బిళ్లను వదలమని కేక వేస్తారు. కాస్త ముందు బరువుంటే గొట్టం అదరకుండా సాగుతుంది. స్కీట్ అనే మరో షాట్‌గన్ పోటీలో బిళ్ల కనబడేదాకా తుపాకీ నడుము దగ్గరే ఉండాలి. దాన్ని చటుక్కున ఎత్తి, అడ్డంగా పోయే బిళ్ల వెంట తిప్పాలి. అక్కడ అదే బరువు అడ్డం పడుతుంది.

ముందు బరువు ఎక్కువైతే వెనక స్టాక్‌లో (భుజానికి ఆనే భాగంలో) సీసం నింపడం చాలామంది చేసే పని. బ్యాలెన్స్ పాయింట్ వెనక్కి వస్తుంది, నిజమే. కానీ రెండు కొసల్లోనూ బరువు చేరి తుపాకీ ఇంకా మందకొడిగా తిరుగుతుంది. కుదిరితే 32 అంగుళాల గొట్టం మానేసి 30 అంగుళాలది చూడటం మంచిది.

దుకాణంలో ఒక్క నిమిషం ఎత్తి చూస్తే ఇవేమీ బయటపడవు. రేంజ్‌లో 25 బిళ్లల రౌండ్ పూర్తిగా ఆడి, చివరి ఐదింటి దగ్గర గొట్టం కదలికను కోచ్‌ని గమనించమనండి. బిళ్ల వెనకే ఉండిపోతుంటే ముందు బరువు ఎక్కువై ఉండొచ్చు. బిళ్లను దాటి అటూ ఇటూ ఊగుతుంటే ముందు భాగం మీకు మరీ తేలికైనట్టు.