వాలు నేలకు చవకలో బండి కొంటున్నారా? ఎలా దిగుతుందో ముందు చూడండి

ఏటవాలు భూముల్లో గడ్డి కోసే, మట్టి మోసే బండ్లను బాగుచేయడం నా పని. చిన్న ట్రాక్టర్లు, పవర్ టిల్లర్లు, ఏటీవీలు (గతుకు నేల మీద బైకులా ఎక్కి నడిపే నాలుగు చక్రాల చిన్న బండ్లు) అన్నీ నా చేతికి వస్తాయి. తక్కువ డబ్బులో ఏది కొనాలని అడిగేవాళ్లలో ఎక్కువమంది "ఇది ఆ గట్టు ఎక్కుతుందా?" అంటారు. ఎక్కలేని బండి చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. ప్రాణం మీదికి తెచ్చేది దిగేటప్పుడు ఆగని బండి.

అపోహ: హార్స్‌పవర్ ఎక్కువుంటే వాలు మీద భయం లేదు.

ఇంజిన్ బలం అయిపోకముందే టైరు పట్టు తప్పుతుంది. ఇక బోల్తా సంగతికొస్తే, ముఖ్యంగా చూడాల్సినవి రెండు: చక్రాల మధ్య వెడల్పు, బండి బరువు ఎంత ఎత్తున ఉందన్నది. వెడల్పు 120 సెంటీమీటర్లు, బరువు కేంద్రం నేలకు 70 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకోండి. కదలకుండా నిలబెడితే లెక్క ప్రకారం సుమారు 40 డిగ్రీల దాకా పక్కకు పడదు. ఈ అంకె చూసి ధైర్యం తెచ్చుకోకండి. పైవైపు చక్రం 15 సెంటీమీటర్ల రాయి ఎక్కి, అదే క్షణంలో కిందివైపు చక్రం 10 సెంటీమీటర్ల గుంతలో దిగితే ఇంకో 12 డిగ్రీలు ఒక్కసారిగా కలుస్తాయి. దానికి వేగం, మలుపు, పైన వేసిన బరువు కూడా తోడవుతాయి. అందుకే పొట్టిగా, వెడల్పుగా ఉన్న బండి చూడండి. రిమ్ములు తిప్పి బిగిస్తే వెడల్పు పెరిగే మోడల్ దొరికితే ఇంకా మంచిది.

మీ వాలు ఎంతో కంటితో అంచనా వేయకండి. మీటరు పొడవున్న బద్ద ఒక కొసను నేల మీద ఆనించి, రెండో కొసను కిందివైపు చాపి, రసమట్టంతో సమంగా పట్టండి. గాల్లో ఉన్న కొస నుంచి నేలకు 18 సెంటీమీటర్లుంటే 10 డిగ్రీలు, 27 ఉంటే 15, 36 ఉంటే 20. మీద కూర్చుని గడ్డి కోసే చిన్న మెషీన్ల మాన్యువల్స్ సాధారణంగా 10-15 డిగ్రీల దగ్గరే ఆగమంటాయి.

అపోహ: ఫోర్ వీల్ డ్రైవ్ ఎక్కడానికే, దిగేటప్పుడు తీసేయొచ్చు.

ఇది నన్ను చాలా బాధపెట్టే అపోహ. చాలా చిన్న ట్రాక్టర్లకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. దిగేటప్పుడు బరువంతా ముందుకు వాలుతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. అప్పుడు బ్రేక్ తొక్కితే అవి బిగుసుకుపోయి జారతాయి. ఫోర్ వీల్ వేసి ఉంచితే ఆ బ్రేక్ పట్టు షాఫ్టు ద్వారా ముందు చక్రాలకూ అందుతుంది. కాబట్టి ఫోర్ వీల్ దిగడానికే ఎక్కువ అవసరం. గేరు కూడా పైనే తక్కువదాన్లో వేసుకుని దిగండి, మధ్యలో క్లచ్ తొక్కొద్దు.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఇంజిన్ ఆపి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, బండి గేరులో ఉంచి, ముందు ఇరుసును జాకీతో లేపండి. ఫోర్ వీల్ లివర్ వేసి, ఇద్దరు చెరో ముందు చక్రాన్ని ఒకే దిక్కుకు తిప్పి చూడండి. కొంచెం ఆట ఉన్నా ఫరవాలేదు గానీ, తేలిగ్గా తిరుగుతూనే ఉంటే ఫోర్ వీల్ పేరుకే ఉన్నట్టు.

బ్రేకుల విషయంలో ఒక సంగతి చెప్పాలి. ఒకసారి పాత ట్రాక్టర్ ఒకటి వచ్చింది. బ్రేక్ సరిగా పట్టడం లేదని ఓనరు అప్పటికే మూడుసార్లు బిగించుకున్నారట. డ్రమ్ము విప్పితే షూలు నల్లటి ఆయిల్‌లో నానిపోయి ఉన్నాయి. ఇరుసు సీలు కారి లోపలికి చేరింది. అలాంటి షూలను ఎంత బిగించినా ఏం లాభం? చిన్న సీలు మార్చడానికి బద్ధకించి ఆయన అన్నాళ్లూ అదే బండిలో గట్టు దిగారు. డ్రమ్ము బ్రేకులున్న బండి అయితే చక్రం లోపలివైపు తడి మరక ఉందేమో వేలితో తడిమి చూడండి.

అపోహ: ఏటీవీ తేలిక కాబట్టి ప్రమాదం తక్కువ.

మందు ట్యాంకు వెనక ర్యాక్ మీద పెట్టగానే బరువు పైకి చేరుతుంది. సగం నిండిన ట్యాంకులో నీళ్లు ఎటు వాలితే అటు పరుగెడతాయి, బండినీ అటే లాగుతాయి. పైగా మామూలు ఏటీవీకి పైన చట్రం ఉండదు. చట్రం, బెల్టు ఉండి ఇద్దరు పక్కపక్కన కూర్చునే రకం నాకు నయమనిపిస్తుంది.

అపోహ: రోల్ బార్ (బోల్తా పడితే మనిషిని కాపాడే ఇనుప చట్రం) కొమ్మలకు తగులుతుంది, తీసేసినా ఏం కాదు.

ముందు చక్రాలు లేచాక ట్రాక్టర్ వెనక్కి తిరగబడడానికి సుమారు ఒకటిన్నర సెకన్లు చాలు. అందులో మొదటి ముప్పావు సెకను దాటితే ఇక దాన్ని ఆపలేం. దూకేద్దామనుకునేలోపే అయిపోతుంది. గొలుసును డ్రాబార్‌కు (ట్రాక్టర్ వెనక కిందివైపు లాగడానికి ఉండే కడ్డీకి) కాకుండా ఇంకా పైన ఎక్కడో కట్టి లాగితే సరిగ్గా ఇదే జరుగుతుంది. బార్ నిలబెట్టి ఉంటే బెల్టు పెట్టుకోండి. బార్ లేకపోయినా, మడిచి ఉన్నా బెల్టు పెట్టుకోవద్దు, అది మిమ్మల్ని బండి కిందే కట్టేస్తుంది. అసలు అలాంటి బండితో వాలు మీదికి వెళ్లొద్దు. వెల్డింగ్ చేసిన, తుప్పు తిన్న బార్ ఉన్న బండి ఎంత చవకైనా వదిలేయండి.

అపోహ: ట్రాకులుంటే (చక్రాల బదులు చుట్టూ తిరిగే పట్టాలుంటే) జారదు.

తడి గడ్డి మీద ట్రాకులూ జారతాయి, జారితే బండి మొత్తం కదిలిపోతుంది. పాతవాటిలో రబ్బరు ట్రాకులు, రోలర్లు మార్చే ఖర్చు మీరు మిగిల్చిందంతా తినేస్తుంది.

అపోహ: బండి అంటే ఎక్కి కూర్చునేదే.

తక్కువ డబ్బులో నిటారు నేలకు నేను ఎక్కువగా చెప్పేది వెనక నడిచే రెండు చక్రాల ట్రాక్టర్. ఆల్ప్స్ కొండల్లో, స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, ఇటలీ రైతులు మేకుల్లాంటి ముళ్లున్న చక్రాలు బిగించి వీటితోనే ఎండుగడ్డి కోసుకుంటారు. బరువు నేలకు దగ్గరగా ఉంటుంది, మనిషి దాని మీద ఉండడు, అదుపు తప్పితే చేతులు వదిలేసి పక్కకు తప్పుకోవచ్చు. కాళ్లు నొప్పెడతాయి, పని నెమ్మది, ఎక్కువ బరువు మోయదు. డిఫరెన్షియల్ లాక్ (రెండు చక్రాలూ కలిసి తిరిగేలా బిగించేది) ఉన్నది, హ్యాండిల్ వదలగానే ఆగే లివర్ పనిచేస్తున్నది చూసి తీసుకోండి. ఇంజిన్ ఎంత వాలు దాకా ఆయిల్ సరిగా అందుకుంటుందో మాన్యువల్‌లో చూడండి, అది దాటితే లోపల ఎండిపోయి పట్టేస్తుంది.

దానికీ లొంగని ముక్క ఉంటే బ్రష్ కట్టర్‌తో కోయండి, లేదా చెట్లకు వదిలేయండి. ఇక ఏ బండైనా డబ్బు చేతికివ్వకముందు, అమ్మేవాళ్లతోనే ఒక మోస్తరు వాలు మీదికి తెప్పించండి. చదునైన చోటుకి దగ్గరగా, కింద ఎవరూ లేకుండా చూసి, పార్కింగ్ బ్రేక్ వేయించి, చక్రం పక్కన నేల మీద గీత గీసి పది నిమిషాలు ఆగండి.