యుద్ధకాలపు బ్రిటన్ ఇళ్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: రెండో ప్రపంచ యుద్ధం ముగియగానే రేషన్ ఎత్తేశారు.

వాస్తవం: బ్రిటన్‌లో ఆహార రేషన్ 1940 జనవరి 8న మొదలైంది. చివరగా మాంసం మీద ఎత్తేసింది 1954 జూలై 4న. అంటే యుద్ధం ఆగాక ఇంకో తొమ్మిదేళ్లు నడిచింది. యుద్ధం జరిగినన్నాళ్లూ బ్రెడ్‌కు రేషన్ లేదు. అది వచ్చింది 1946 జూలైలో. "యుద్ధంలో బ్రెడ్‌కు కూపన్లు" అని ఎక్కడైనా చదివితే, అందులోని మిగతా అంకెలనూ సరిచూసుకోండి.

అపోహ: పేదలకు చవకగా సరుకు ఇవ్వడానికే రేషన్.

వాస్తవం: మన రేషన్ కార్డు అలవాటుతో చూస్తే ఇలాగే అనిపిస్తుంది. అక్కడ రేషన్ అంటే అందరికీ ఒకే వాటా. కూపన్ ఉన్నా డబ్బు కట్టాల్సిందే. ముందుగా ఇంటిల్లిపాదీ ఒక కొట్లో పేరు రాయించుకోవాలి. ఎన్ని పేర్లుంటే ఆ కొట్టుకు అంత సరుకు. ఇల్లు మారితే పేరూ మార్పించుకోవాలి. పెద్దల పుస్తకం లేత గోధుమరంగు, 5 నుంచి 16 ఏళ్ల వాళ్లది నీలం. గర్భిణులకు, ఐదేళ్లలోపు పిల్లలకు ఆకుపచ్చ. అరుదుగా పండ్లు వస్తే ముందు ఆకుపచ్చ పుస్తకం వాళ్లకే.

కొలతలు మారుతూ వచ్చాయి. పెద్దవాళ్లకు వారానికి సుమారుగా వెన్న 57 గ్రాములు, టీ పొడి 57, చీజ్ 57, పంచదార 227, గుడ్డు ఒకటి. మాంసం మాత్రం తూకాన కాదు, వెల లెక్కన: అప్పటి నాణేల్లో 1 షిల్లింగ్ 2 పెన్నీలకు ఎంత వస్తే అంత. చవక ముక్కలు అడిగిన ఇల్లాలి సంచిలో ఎక్కువ మాంసం పడేది, కానీ దాన్ని గంటలకొద్దీ ఉడికించాలి. గుడ్డు పొడి ప్యాకెట్ 12 గుడ్లకు సమానం. అంచుకు సమంగా గీసిన ఒక పెద్ద చెంచా పొడికి రెండు పెద్ద చెంచాల నీళ్లు కలిపితే ఒక గుడ్డు. చెంచా గోపురంగా తీస్తే ప్యాకెట్ 12 గుడ్లకు రాదు.

అపోహ: బాంబుల భయంతో నగరాల నుంచి పల్లెలకు పంపిన పిల్లలు యుద్ధం అయ్యేదాకా అక్కడే ఉన్నారు.

వాస్తవం: 1939 సెప్టెంబర్ 1 నుంచి మూడు రోజుల్లో సుమారు 15 లక్షల మందిని తరలించారు. వాళ్లలో బడిపిల్లలతో పాటు పసిపిల్లల తల్లులూ ఉన్నారు. అనుకున్న బాంబులు పడలేదు, పిల్లలు బెంగపెట్టుకున్నారు. 1940 జనవరికల్లా దాదాపు సగం మంది ఇళ్లకు చేరారు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో లండన్ మీద బాంబుల వాన మొదలయ్యాక మళ్లీ బయల్దేరారు.

అపోహ: మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినందుకు మహిళలందరికీ ఓటు వచ్చింది.

వాస్తవం: 1918 చట్టం ఇచ్చింది 30 ఏళ్లు దాటిన, ఆస్తి అర్హత ఉన్న మహిళలకే. మందుగుండు కర్మాగారాల్లో చేతులు పసుపెక్కేలా పనిచేసిన ఎందరో అమ్మాయిలు ఆ వయసుకు రాలేదు. మగవాళ్లతో సమానంగా ఓటు 1928లో వచ్చింది. 1919 చట్టం యుద్ధానికి ముందున్న పని పద్ధతులు తిరిగి తెచ్చింది. ఎంతోమంది ఆడవాళ్లకు ఆ పనులు పోయాయి. ఇది చాలామంది వదిలేసే అన్యాయం.

రెండో యుద్ధంలో, 1941 డిసెంబర్ చట్టంతో, 20 నుంచి 30 ఏళ్ల అవివాహితలకు, పిల్లలు లేని వితంతువులకు యుద్ధసేవ తప్పనిసరి అయింది. ఇంటి లెక్క మార్చిన మార్పు మాత్రం 1946 ఆగస్టులో వచ్చింది: రెండో బిడ్డ నుంచి ఒక్కొక్కరికి వారానికి 5 షిల్లింగులు. ముసాయిదాలో ఆ డబ్బు తండ్రికి రాశారు. మహిళా ఎంపీ ఎలినార్ రాత్‌బోన్ పట్టుబట్టాక అది తల్లి చేతికి మారింది.