తుప్పు మింగే వోల్టులు

పాత కారు సెల్ఫ్ కొట్టినప్పుడు నీరసంగా మూలిగి ఆగిపోతే, చుట్టూ చేరినవాళ్లు ముందు బ్యాటరీనే దోషిగా నిలబెడతారు. కొత్త బ్యాటరీ వస్తుంది. కొన్ని వారాలకు మళ్లీ అదే మూలుగు. తరవాత సెల్ఫ్ మోటారు వంతు, ఆపైన బ్యాటరీని ఛార్జి చేసే డైనమో వంతు. చెన్నైలో ఈ వరస మరీ సులువుగా సాగుతుంది. కొత్త విడిభాగాలకు జనరల్ ప్యాటర్స్ రోడ్డు ఉంది, వాడినవాటికి పుదుపేట ఉంది. సామాను ఇంత తేలిగ్గా చేతికందే ఊళ్లో, కారణం వెతికే ఓపిక తగ్గిపోవడం సహజం. కానీ కొన్ని వందల రూపాయల మల్టీమీటరుతో ఇంటి దగ్గరే ఒక ప్రశ్నకు జవాబు రాబట్టవచ్చు. బ్యాటరీ నుంచి బయలుదేరిన వోల్టుల్లో ఎన్ని మోటారు దాకా చేరుతున్నాయి, మిగిలినవి దారిలో ఎక్కడ పోతున్నాయి? పాత కార్ల కరెంటు జబ్బుల్లో చాలావాటికి మందు ఈ ప్రశ్నలోనే ఉంది.

ముందు బ్యాటరీ సంగతి తేల్చుకోవాలి. ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే 1859లో తయారు చేసిన సీసం, ఆమ్లం బ్యాటరీయే మెరుగులు దిద్దుకుని ఇప్పటికీ మన కార్లలో కూర్చుంది. అందులో ఆరు అరలు, ఒక్కో అర సుమారు 2.1 వోల్టులు. కాబట్టి రాత్రంతా కదలకుండా ఉన్న మంచి బ్యాటరీ పొద్దున్నే 12.6 వోల్టులు చూపాలి. 12.2 అంటే సగం ఖాళీ, 11.9 అంటే దాదాపు అడుగంటినట్టే. కారు తిప్పి ఆపిన వెంటనే కొలిస్తే పలకల మీద తేలివున్న ఛార్జి వల్ల అంకె ఎక్కువగా కనిపించి మోసపోతాం. ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య కనిపిస్తే డైనమో తన పని చేస్తోంది. సెల్ఫ్ కొడుతున్నంతసేపు బ్యాటరీ 9.6 వోల్టులకు కిందికి జారకపోతే దాన్ని మార్చాల్సిన అవసరం లేదు.

అసలు చిక్కు ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఈ పరీక్షలన్నీ బ్యాటరీ నెగ్గినా సెల్ఫ్ మాత్రం మూలుగుతూనే ఉంటే?

చిన్న పెట్రోలు కారులో కూడా సెల్ఫ్ మోటారు వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది. 150 అనుకుందాం. దారిలో ఒక అతుకు దగ్గర తుప్పు పట్టి 0.01 ఓమ్ నిరోధం చేరిందనుకుందాం. జర్మన్ శాస్త్రవేత్త ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రం ప్రకారం రెంటినీ గుణిస్తే 1.5 వోల్టులు. అంత వోల్టేజి మోటారుకు అందకుండా ఆ అతుకులోనే పోతుంది. ఆ 1.5ను మళ్లీ 150తో గుణిస్తే 225 వాట్లు. అంత శక్తి ఆ చిన్న జాగాలో వేడిగా మారుతోందన్నమాట. మూడు నాలుగు సార్లు సెల్ఫ్ కొట్టాక అతుకుల మీద చెయ్యి పెట్టి చూస్తే, చెడ్డ అతుకు వేడి వల్లే పట్టుబడుతుంది.

ఇంత నష్టం చేసే ఈ 0.01 ఓమ్ మామూలు మల్టీమీటరు ఓమ్ అమరికకు కనిపించదు. ఆ అమరికలో మీటరు పంపేది అతి స్వల్పమైన కరెంటు. లావు కేబులులో పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలినా, ఆ కాస్త కరెంటు దాని మీదుగా హాయిగా వెళ్లిపోతుంది, మీటరు సున్నా చూపి బాగుందంటుంది. చీమను నడిపించి వంతెన బలం తేల్చినట్టు ఉంటుంది ఆ పరీక్ష. అందుకే కరెంటు భారీగా పారుతున్న క్షణంలోనే కొలవాలి. నిరోధాన్ని కాదు, దాని మీద పోతున్న వోల్టులను.

గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజను అంటుకోకుండా పెట్రోలు పంపు ఫ్యూజు గానీ ఇగ్నిషన్ కాయిల్ కనెక్టరు గానీ తీసేయాలి. మీటరును 20 వోల్టుల డీసీ అమరికకు తిప్పాలి. ఒక మొనను బ్యాటరీ మీద పొడుచుకొచ్చిన నెగటివ్ సీసపు మొలకే ఆనించాలి, దాని చుట్టూ ఉన్న కేబులు బిగింపుకు కాదు. రెండో మొన ఇంజను లోహానికి. ఇంకొకరు సెల్ఫ్ కొడతారు, మీరు అంకె చూస్తారు. 0.2 వోల్టుల లోపు ఉంటే ఎర్త్ దారి, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగివచ్చే దారి, శుభ్రం. అర వోల్టు దాటితే దొంగ అక్కడే ఉన్నాడు. ఇక మొలకూ బిగింపుకూ మధ్య, బిగింపుకూ కేబులు చివరకూ మధ్య, బాడీకీ ఇంజనుకూ మధ్య, ఇలా ముక్కలు ముక్కలుగా కొలుస్తూ వెళితే ఎక్కడ వోల్టులు పోతున్నాయో అక్కడ మీటరే చెబుతుంది. పాజిటివ్ వైపు కూడా ఇదే పద్ధతి.

మా అపార్టుమెంటులో నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దాయన ఉన్నారు. బాబాయి గారని పిలుస్తాను. ఆయన పాత కారుకు బ్యాటరీ మారింది, సెల్ఫ్ మోటారు కూడా మారింది, మూలుగు మాత్రం పోలేదు. బాడీకీ ఇంజనుకూ మధ్య కొలిస్తే 1.1 వోల్టులు! అక్కడ ఉండేది రాగి పోగులతో అల్లిన జానెడు పట్టీ. అది పచ్చబడి, పొడి రాలుతోంది. "ఈ పట్టీకి ఇంత పెత్తనమా అమ్మా!" అని బాబాయి గారు ఆశ్చర్యపోయారు. పెత్తనమే మరి. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది, రబ్బరు గుండా కరెంటు పోదు. సెల్ఫ్ మోటారు లాగే కరెంటంతా బాడీ మీదుగా తిరిగి రావాలంటే ఆ కారులో ఉన్న దారి ఆ పట్టీ ఒక్కటే. కొన్ని కార్లలో అది సరిగ్గా పని చేయనప్పుడు కరెంటు క్లచ్ తీగ గుండానో యాక్సిలరేటర్ తీగ గుండానో దారి వెతుక్కుని, ఆ తీగలనే కాల్చేస్తుంది.

పట్టీ ఎందుకు పచ్చబడింది? సముద్రపు గాలి మోసుకొచ్చే సన్నని ఉప్పు తుంపరలో క్లోరైడు ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుని లోహం మీద పలచని ఉప్పునీటి పొరగా నిలిచి రాగిని పచ్చబరుస్తుంది. రాగి, ఇనుము అనే రెండు వేర్వేరు లోహాలు ఆ పొరలో కలిసి తడిస్తే అక్కడే ఒక చిన్న బ్యాటరీ పుట్టి ఇనుమును తినడం మొదలుపెడుతుంది. 2015 డిసెంబరు వరదల్లోనూ, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులోనూ నీట మునిగిన కార్ల కష్టం ఇంకా లోతైనది. నీరు కేబులు పోగుల సందుల్లోంచి ప్లాస్టిక్ తొడుగు లోపలికి పాకుతుంది. పైకి కేబులు కొత్తదానిలా ఉంటుంది, లోపల నెలల తరబడి నల్లబడుతూ ఉంటుంది. వరద పోయిన చాలా కాలానికి కారు మొరాయిస్తే ఎవరికీ వరద గుర్తుకు రాదు.

ఎండ సంగతి వేరే చెప్పాలి. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయని మనవాళ్లు ఊరికే అనలేదు. 2003 మే 31న చెన్నై నుంగంబాక్కంలో 45 డిగ్రీలు నమోదైంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చాలా రసాయన చర్యలు సుమారు రెట్టింపు వేగంతో జరుగుతాయి. బ్యాటరీ లోపలి సీసపు జాలీని తినేసే చర్య కూడా వాటిలో ఒకటి. కాబట్టి ఇక్కడ బ్యాటరీలు నిజంగానే త్వరగా పోతాయి. అందుకే అనుమానం ఎప్పుడూ బ్యాటరీ మీదికి వెళుతుంది, అసలు దొంగ తప్పించుకుంటాడు.

ఇదే తుప్పు సన్నని వైర్లలో చేరితే వేషం మారుస్తుంది. ఇంజను వేడిని కారులోని కంప్యూటరుకు చెప్పే సెన్సరు నిరోధం చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర రెండు వేల ఓమ్‌లకు పైన, 80 డిగ్రీల దగ్గర సుమారు 300 ఓమ్‌లు ఉంటుంది. దాని కనెక్టరులో తుప్పు వల్ల ఇంకో 300 చేరితే, 80 డిగ్రీల ఇంజను 60 డిగ్రీల్లోనే ఉందని కంప్యూటరు నమ్ముతుంది. చల్లటి ఇంజనుకు పోసినట్టు పెట్రోలు పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, స్పార్క్ ప్లగ్గులు నల్లబడతాయి. సెన్సరుది ఏ తప్పూ లేదు.

2013 తరవాతి కార్లలో లోపాల కోడ్లు చదివే సదుపాయం ఉంది కదా అంటారు. ఉంది, మంచిదే. కానీ కోడ్ చెప్పేది లక్షణమే. పీ0171 అని వస్తే గాలితో పోలిస్తే పెట్రోలు తక్కువగా ఉందని మాత్రమే అర్థం. పగిలిన రబ్బరు గొట్టం గాలి పీలుస్తోందా, పంపు నీరసించిందా అన్నది మళ్లీ మనమే కొలిచి తేల్చుకోవాలి.

రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోయే కార్లకూ ఈ విద్య పనికొస్తుంది. అన్నీ కట్టేసి, తలుపులు మూసి అరగంట ఆగాక కారు లాగే కరెంటు మామూలుగా 50 మిల్లీఆంపియర్లు మించకూడదు. 300 లాగుతుంటే రోజుకు 7.2 ఆంపియర్ అవర్లు పోతాయి. 35 ఆంపియర్ అవర్ల సామర్థ్యం ఉన్న బ్యాటరీ మూడు రోజులు తిరక్కుండానే సగానికి పైగా ఖాళీ. ఏ సర్క్యూట్ లాగుతోందో తెలుసుకోవడానికి ఫ్యూజులు పీకనక్కర్లేదు. ప్రతి ఫ్యూజు వీపు మీద కనిపించే రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్టులు కొలిస్తే చాలు. సున్నా కానిది ఏదో అందులో కరెంటు పారుతోంది. నా అనుభవంలో నేరం ఎక్కువగా తరవాత బిగించిన మ్యూజిక్ సిస్టమ్‌దో అలారానిదో అవుతుంది.

పనికి దిగేముందు నెగటివ్ టెర్మినల్ మొదట విప్పాలి, చివర బిగించాలి. బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ అంటుకుంటుంది, దగ్గర్లో నిప్పురవ్వ పడకూడదు. పసుపు రంగు తొడుగున్న ఎయిర్‌బ్యాగ్ వైర్ల జోలికి మీటరుతో వెళ్లనే కూడదు. టెర్మినళ్ల మీది తెల్లటి పొడిని వంటసోడా కలిపిన నీటితో కడగాలి. ఎర్త్ పట్టీ కూర్చునే చోట రంగు, తుప్పు గీకి మెరిసే లోహం బయటపడ్డాక బిగించాలి, గ్రీజు ఆ తరవాతే పైన పూయాలి. కొత్త పట్టీ కొనేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకెళ్లి అంతకంటే సన్నది ఇస్తే వద్దనండి. రాగి పోగుల మీద తగరం పూత, చివర్లు నొక్కి బిగించినవి అడగండి. బిగించాక సెల్ఫ్ కొట్టించి మళ్లీ కొలవండి. బాబాయి గారి కారులో 1.1 ఉన్న చోట ఇప్పుడు 0.1 కన్నా తక్కువ వస్తోంది.